మల్లన్న కారుల సన్న లీకు

లక్సెట్టిపేట బస్టాండు దాటినంక జన్నారం రోడ్డు మీద నా రేకుల షెడ్డు. కార్లకు ఏసీలు బాగుచేస్త. పేరు గులాం నబీ. ఇరవై రెండేండ్ల సంది ఇదే పని. షెడ్డు ఎనకనే ఇల్లు. ఇంట్ల నేను, నా భార్య షాజాదీ బేగం.

మొన్న మే నెల మొదట్ల, పొద్దున తొమ్మిదికే రోడ్డు కాలుతుంటే మల్లన్న తెల్లకారు వచ్చి షెడ్డు ముందర ఆగింది. మల్లన్న అంటే బాలమల్లు. శ్రీరాంపూర్ల బొగ్గుబాయిల ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసి రిటైరయ్యిండు. కిందటి ఎండకాలం ఆయన భార్య గంగుబాయికి వడదెబ్బ తగిలి నాలుగు దినాలు దవాఖానల ఉన్నది. ఆమెను ఇంటికి తెచ్చిన వారంలనే మల్లన్న ఈ పాత కారు కొన్నడు. ఇంజన్ చూడలే, టైర్లు చూడలే. లోపల కూసోని, ఏసీ చల్లగ వస్తుందా లేదా, గంతే చూసిండు. ఈ సంగతి ఆయనే నాకు నవ్వుకుంట చెప్పిండు.

మూడు వారాల కింద గ్యాస్ అయిపోయిందని వస్తే నింపిన. "మల్లన్నా, గ్యాస్ ఊకెనే అయిపోదు. ఎక్కడనో సన్న లీకు ఉన్నది. ఒక్క పూట బండి నాకు విడిచిపెట్టు, ఎతుకుత" అని చెప్పిన. వినలే. అంతకు ముందు మంచిర్యాలల ఇద్దరు మెకానిక్‌ల తోటి, గ్యాస్ తక్కువ కొట్టిండ్రని కొట్లాడి వచ్చిన మనిషి. నన్ను గూడ గట్లనే అనుమానంగ చూసిండు.

ఇప్పుడు కారు అద్దాలన్ని దించి ఉన్నయి. ఎనక సీట్ల గంగక్క తడి తువ్వాల నెత్తి మీద కప్పుకోని కూసున్నది. మొకం ఎర్రగయ్యింది.

"నబీ భాయ్, మళ్ల వేడిగాలే" అన్నడు మల్లన్న దిగుకుంట. "జర గ్యాస్ కొట్టు. ఆదిలాబాద్ పోవాలె. గంగు వాళ్లక్క, మా వదినె కిష్టవ్వకు రేపు కన్ను ఆపరేషన్. చెల్లె పక్కకు లేకుంటే కన్ను ముట్టనియ్య అని కూసున్నదట."

గేజీలు పెట్టి చూసిన. ముల్లు లేవలే. గ్యాస్ మొత్తం పోయింది.

"కొట్టను" అని చెప్పిన.

"ఏమన్నవ్?"

"ఇయ్యాల గ్యాస్ కొట్టి పంపిస్తే ఉట్నూరు దాటేసరికి మళ్ల గిదే కత. అక్క తోవల పడిపోతే ఏం చేస్తవ్? లీకు దొరకాలె. మూడు, నాలుగు గంటలు పడ్తది."

మల్లన్న గొంతు లేపిండు. ఇంకో దుకాణానికి పోతనన్నడు. అన్నంత పని చేస్తుండెనేమో గని, ఎనక సీట్ల నుంచి గంగక్క మెల్లగ అన్నది, "ఏందయ్యా గా లొల్లి? తమ్మి చెప్పిండు గద. దిగుత పట్టు."

షాజాదీ బయటికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది. "రా అక్కా. ఇంట్ల కూలర్ ఉన్నది. జర పండుకో" అని లోపలికి తీస్కపోయింది. మల్లన్న మాత్రం పోలే. నా పక్కకు స్టూలు గుంజుకోని కూసున్నడు. నేను గ్యాస్ దొంగతనం చేస్తనేమో చూడనీకి అనుకున్న ముందుగాల. కాసేపటికి సమజయ్యింది, ఆయనకు పరేషాన్ ఎక్కువై నిలువబుద్ధి అయితలేదు. ఐదు నిమిషాలకు ఒకపారి లేచి, మా ఇంటి తలుపు దాకా పోయి తొంగి చూసి వస్తుండు.

పైపులల్ల నైట్రోజన్ నింపి, సబ్బు నురుగు తీసుకోని ఒక్కొక్క జాయింటుకు పూసుకుంట వచ్చిన. లీకు ఉన్న కాడ బుడగ వస్తది. ఇంజన్ దిక్కు ఏం రాలే. కంప్రెసర్ కాడ రాలే. డ్యాష్‌బోర్డు లోపల ఉన్నదేమో అనుకున్న. అక్కడైతే పని రెండు దినాలది. ఆఖరుకు ముందరి జాలి, బంపర్ విప్పిన.

అప్పుడు కనపడ్డది. కండెన్సర్ లోపలికి పోయే సన్న అల్యూమినియం పైపు మీద నల్లటి మరక. గ్యాస్ తోటి కారిన నూనెకు దుమ్ము అంటుకుంటే గట్ల అయితది. తుడిచి నురుగు పూసిన. చీమ తలకాయంత బుడగ లేచింది. పగిలింది. మళ్ల లేచింది.

పైపు చుట్టు ఇనుప తీగెలు ఉన్నయి, ఏడెనిమిది. ఒక్కొక్క దాని కొసకు ఎండిపోయిన మిరపకాయ తొడిమె, నిమ్మకాయ తొక్క. దిష్టికని అమావాసకొక్కటి కట్టుకుంట పోయిండ్రు, పాతయి తియ్యలే. బండి నడిచినప్పుడల్లా తీగె ఊగి ఊగి పైపును కోసింది.

మల్లన్నకు చూపిచ్చిన. ఆయన తీగెను చూసిండు, మా ఇంటి దిక్కు చూసిండు. ఇప్పటిదాక లొల్లి చేసిన మనిషి గొంతు తగ్గించిండు.

"భాయ్, గంగుకు చెప్పకు. తనే కట్టింది. ఆదిలాబాద్ దాక బాధపడ్తది. రాయి తగిలిందను."

నా పనిల ఇంతవరకు ఎవరికి అబద్ధం చెప్పలే. గని ఆయన మొకం చూసి సరేనన్న. తీగెలన్ని కట్ చేసి జేబుల వేసుకున్న. పైపు విప్పి బయట పెట్టిన.

అంతల్నే గంగక్క మజ్జిగ గ్లాసులు పట్టుకోని వచ్చింది. పండుకొమ్మంటే పండుకోలేదట. షాజాదీ తోటి కూసోని ఉల్లిగడ్డలు కోసిందట.

"దొరికిందా తమ్మీ?"

"దొరికిందక్కా. రాయి తగిలింది."

గ్లాసులు కింద పెట్టి, పైపును చేతిలకు తీసుకున్నది. కండ్లకంటె ముందు వేలు పెట్టి చూసింది. పైపు మీద బొటనవేలు మెల్లగ జరిపి ఒక్క కాడ ఆపింది.

"రాయి తగిల్తే సొట్ట పడ్తది. ఇది నున్నగ గాడి పడ్డది" అన్నది. "మా తల్లిగారిది సిరిసిల్ల. బట్ట నేసే సాంచెల నడుమనే పెరిగిన. నూలు పోగు రాసుకుంట పోతే ఇనుముకు గూడ గిట్లనే గాడి పడ్తది. ఇది తీగె కోసిన జాగ."

నేను తల వంచుకున్న. ఆమె మా ఇద్దరిని మార్చి మార్చి చూసింది. కారు ముందర ఖాళీ అయిన జాగ చూసింది. సమజయ్యింది.

"నిమ్మకాయల తీగెనా?"

"నేను కట్టిందే" అన్నడు మల్లన్న గబుక్కున. "పోయిన అమావాసకు నేనే కట్టిన."

"నువ్వా? నీకు ముడి వేసుడు వస్తదా? లుంగి ముడే నిలవదు నీకు."

నాకు నవ్వు ఆగలే. మల్లన్న గూడ నవ్వబోయి ఆగిండు. గంగక్క కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి.

"ముప్పై ఒక్క ఏండ్లు బాయిల దిగినవ్. రోజు నువ్వు వచ్చేదాక ప్రాణం గుప్పిట్ల పెట్టుకునేదాన్ని. గా బాయికి ఏం కట్టుదు? ఎక్కడ కట్టుదు? ఇప్పుడు కారు వచ్చింది. కట్టనీకి ఒక జాగ దొరికిందని కట్టిన." కొంగుతోటి మొకం తుడుచుకున్నది. "నువ్వేమో అందరి తోటి కొట్లాడవడ్తివి. చేసింది నేను."

మల్లన్న ఏమంటడో అని చూసిన. స్టూలు ఆమె దిక్కు జరిపి, "కూసో. మజ్జిగ తాగు" అన్నడు. ఆమె కూసున్నది. ఒక గ్లాసు మజ్జిగ ఇద్దరు తాగిండ్రు. ఇంకో గ్లాసు నాకు మిగిలింది.

చిల్లు పడ్డ కాడ అల్యూమినియం వెల్డింగ్ పెట్టిన. సన్న పైపు, జర మంట ఎక్కువైతే కరిగి కారిపోతది. ఊపిరి బిగబట్టి చేసిన. చల్లారినంక, జాయింట్లకు కొత్త రబ్బరు రింగులు వేసి బిగించి, మళ్ల నైట్రోజన్ నింపి నురుగు పూసిన. ముగ్గురం వంగి చూసినం. బుడగ రాలే.

"రాలే గద?" అన్నది గంగక్క.

"రాలేదక్కా."

లోపలి గాలి, తేమ అంత గుంజనీకి మిషన్ పెట్టి ముప్పావుగంట ఆగాలె. గా టైంకు షాజాదీ తిననీకి కింద దస్తర్‌ఖాన్ బట్ట పరిచింది. పుల్లటి కట్టీదాల్, అన్నం, గుడ్ల పులుసు. మల్లన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు. మంచిర్యాల మెకానిక్‌ల తోటి కొట్లాడిన సంగతి యాది చేసుకోని, "వచ్చేటప్పుడు ఆగి చెప్పాలె వాళ్లకు, తప్పు మాదేనని" అన్నడు. "నువ్వే చెప్పాలె, నేను కారుల కూసుంట" అన్నది గంగక్క.

గ్యాస్ నింపి ఏసీ పెట్టేసరికి రెండు దాటింది. గంగక్క ఎనక సీట్లకు పోలే. ముందర కూసున్నది. గాలి మొకానికి తగలంగనే కండ్లు మూసుకున్నది. నా జేబులున్న తీగెలను తీసి చెత్తడబ్బల వేసిన. "అమావాసకు కట్టుడు బందు చేస్తవా అక్కా?" అని అడిగిన.

"ఎందుకు బందు చేస్త? నూలు దారంతోటి కడ్త. ఎనక బంపర్‌కు కడ్త" అన్నది కండ్లు తెరవకుండనే.

మూడో దినం పగటీలి ఫోన్ వచ్చింది. మల్లన్న. ఎనక ఏదో దవాఖాన లొల్లి.

"ఆపరేషన్ మంచిగ అయ్యిందా అన్నా?"

"మస్తు అయ్యింది. పట్టీ గూడ ఇప్పిండ్రు. గని భాయ్, నాకు ఫికర్ పట్టుకున్నది."

"ఏమైంది? మళ్ల వేడిగాలినా?"

"గది కాదు. మస్తు చల్లగ వస్తుంది. మా వదినె ఒక్క పారి కారుల కూసున్నది, ఇగ దిగుతలేదు. చెల్లె తోటి మాట్లాడాలె, అందరు బయటికి నడువుండ్రి అంటుంది. గంట అయ్యింది. అక్కచెల్లెండ్లు ఇద్దరు అద్దాలు ఎక్కిచ్చుకోని లోపల ఒకటే నవ్వుడు. నేను ఎండల నిలబడ్డ."

"అద్దం మీద కొట్టు అన్నా."

"కొట్టిన. గంగు చెయ్యి ఊపింది. ఇంకో గంట ఆగాలెనట" అన్నడు. కోపంగ అందామనుకున్నడేమో, గొంతుల మాత్రం నవ్వే ఉన్నది. "పోనీ తియ్. ఎదురుంగ చాయ్ హోటల్ ఉన్నది. ఆడ కూసుంట."