అరవై ఆరు మిల్లీమీటర్ల గాజులు

ఆ గాజులు మంగ కోసం చేయించినవి కావట, ఎవరో లావుపాటి పిల్ల కోసం చేయించి ఈ పిల్లకి అంటగట్టారట. మా పక్కింటి రత్నాలమ్మతో ఎవరో చెప్పారట. ఎవరని అడిగితే మాత్రం, "నాకెందుకులే" అంటుంది. అలాగని చెప్పడమూ మానదు.

జరిగింది ఇదీ. మా సంతబొమ్మాళిలో మల్లేశ్వరరావు కూతురు మంగకు ప్రధానం చేశారు. పెళ్ళికొడుకు తరుణ్ వాళ్ళు బంగారు గాజులు తొడిగారు. పెద్దల కాళ్ళకు దణ్ణం పెడదామని పిల్ల వంగిందో లేదో, రెండూ జారి చాప మీద దొర్లాయి. ఇవి ఎవరి కొలతో తేలేదాకా పెళ్ళి మాటే ఎత్తొద్దన్నాడు మల్లేశ్వరరావు.

తరుణ్‌ది పలాసలో జీడిపప్పు మిషన్లకు విడిభాగాలు చేసే లేత్ పని. మర్నాడే కొలిచే సామాను జేబులో వేసుకుని, తల్లి దుర్గాదేవితో వచ్చేశాడు.

"మావా, మంగ ఫోన్‌లో రెండు ఆరని సెప్పింది. రెండు పాయింట్ ఆరు అంగుళాలు. అంటే అరవై ఆరు మిల్లీమీటర్లు. కంసాలికి అదే రాసిచ్చాను. సూడు, సరిగ్గా అరవై ఆరు!"

"సరిగ్గానే ఉంది. ఆ కొలత ఎవుల్దీ అనడుగుతన్నాను," అన్నాడు మల్లేశ్వరరావు.

అరుగు మీద గంప దించుకుంటున్న గాజుల కాంతం పకపకా నవ్వింది. "ఓరి నీ సదువు కాల! వానకి మిల్లీమీటర్లు, టీవీకి మూల నించి మూలకి అంగుళాలు. ఏ పని లెక్క ఆ పనిదే బాబూ. గాజులకి అంగుళమంటే పదారు ముక్కలు. రెండు ఆరంటే రెండంగుళాల మీద ఆరు ముక్కలే. పాయింట్ ఏటి మజ్జిన?"

తరుణ్ ఫోన్‌లో లెక్క కట్టాడు. అరవై వచ్చింది. మొహం వాడిపోయింది.

"ఇదైతే రెండు పది," అంటూ కాంతం గాజులు అందుకుని చుట్టూ చూసింది. దుర్గాదేవి చెయ్యి లాక్కుని, వేళ్ళు దగ్గరకు నొక్కి తొడిగేసింది. కొలత తీసి చేయించినట్టు కూర్చున్నాయి.

మల్లేశ్వరరావుకే నవ్వాగలేదు. అనుమానం తీరింది. తరుణ్ ఊపిరి పీల్చుకుని, "రేపే కరిగించి అరవైకి సేయిత్తాను," అన్నాడు.

దుర్గాదేవి చెయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కరిగిత్తే తరుగు పోదేట్రా? నాకు సరిపోయినాయి కదా, ఉండనీ. పిల్లకి మెల్లిగా సూద్దాం."

గుమ్మంలోంచి మంగ అంది:

"అయితే నీ కొడుకుని కూడా నువ్వే ఉంచేసుకో అత్తా."