కుళాయి దగ్గర మనిషి

డబ్బా అడుగున పేరుకున్న సున్నపు మడ్డిని షంషున్నీసా కొబ్బరి చిప్పతో గీకి తీస్తోంది. మోచేతుల దాకా తెల్లగా పూసుకుపోయింది. గోళ్ల సందుల్లో ఒకటే మంట. కార్బైడ్ రాళ్లు నీళ్లలో పడి గ్యాసు వదిలేశాక మిగిలే మడ్డి అది. ఎంత రుద్ది కడిగినా చేతులకు కుళ్లిన తెల్లగడ్డల వాసన పోదు. "ఇల్లంతా ఈ కంపేందిమే, నమాజుకు కూర్చోబుద్ధి కావడంలా" అంటుంది అత్త ఇమాంబీ, ఆ కంపేదో కోడలు పుట్టింటి నుంచి మూటగట్టుకొచ్చినట్టు.

నిజానికి ఆ డబ్బా ఇంకా వాళ్లది కాలేదు. భర్త మదార్ కోవూరు రైసుమిల్లులో పని మానేసి, ఇంటి వెనక వసారాలో సొంతంగా వెల్డింగు పెట్టుకుందామనుకున్నాడు. నెల్లూరులో మిషన్లు అమ్మే ఖాదర్ బాషా వెల్డింగుకు గ్యాసు పుట్టించే డబ్బాలు రెండు రకాలు చూపించాడు. ఒకటి మద్రాసు నుంచి వచ్చింది. మంట గొట్టంలోకి వెనక్కి తన్నితే గ్యాసును దానంతట అదే ఆపేస్తుంది. రెండోది తారు డబ్బాలు కోసి ఊళ్లోనే చేసింది. ధర సగమే, కానీ ఆ ఏర్పాటు లేదు. మంట వెనక్కి తన్నగానే ఎవరో ఒకరు గ్యాసు కుళాయి కట్టేయాలి. కట్టకపోతే మంట గొట్టం వెంట డబ్బాలోకి దూరుతుంది. "అందుకని కుళాయి కాడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాల" అన్నాడు ఖాదర్ బాషా. పాపం, దాచలేదు.

"మనిషిదేముందన్నా, ఇంట్లో ఉండాదిగా" అన్నాడట మదార్. ఆ మాట ఇంటికొచ్చి తనే చెప్పుకుని నవ్వాడు, పెద్ద బేరం గెలిచినట్టు. నాలుగు రోజులు వాడి చూడు, కుదరకపోతే మద్రాసుది తీసుకుందువులే అని ఖాదర్ బాషా చవక డబ్బాను బండి మీద పంపించాడు.

అప్పటి నుంచి షంషున్నీసా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతుకుతోంది. మదార్ నల్లద్దాలు పెట్టుకుని వసారా ఆ చివర మంట పట్టుకుంటాడు. ఆమె ఈ చివర, గోడ వారగా, డబ్బాను ఆనుకుని, ఇత్తడి కుళాయి మీద వేళ్లు వేసి నిలబడాలి. దోమ కుట్టినా వేళ్లు తీయకూడదు. పొయ్యి మీద చేపల పులుసు పొంగిందో, అడుగంటిందో ఈ కంపులో తెలిసి చావదు. అడుగంటితే అదొక తిట్టు. డబ్బా లోపల నీళ్లు గుడగుడమంటూ ఉంటాయి. ఒక్కోసారి ఆ చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు మరీ భయం. ఎందుకాగింది? పేలితే ముందు ఏది పోతుంది, చేతులా, కళ్లా? చావు కన్నా ఆమెకు ఆ తర్వాత వచ్చే మాటలంటేనే ఎక్కువ భయం. కుళాయి కట్టలేదంట, పరాకుగా ఉన్నిందంట, ఆడదాని బుద్ధి ఎక్కడో ఉన్నిందంట. పేలిన డబ్బాను ఎవరు తిడతారు గనక!

"నాకు భయంగా ఉండాది" అని ఒకసారి చెప్పి చూసింది.

"భయమేంది? నీ చేత బరువులు మోయిస్తా ఉండానా? ఊరికే నిలబడుకోను గూడా కష్టమేనా?" అన్నాడు మదార్.

ఊరికే నిలబడడమట! ఆ ఊరికే నిలబడే మనిషిని చూసుకునే కదా ధర సగానికి దిగింది. ఇమాంబీ అందుకుంది. "మీ మామ గిన్నెలకు కళాయి పోస్తా ఉంటే నా బతుకంతా కొలిమి తిత్తి ఊదినా. నోరెత్తినానా నేను?" తిత్తి ఊదీ ఊదీ ఆ పెద్దామె కుడి భుజం ఇప్పుడు పైకి లేవదు. తల దువ్వాలంటే కోడలే దువ్వాలి.

నిన్న మైపాడు నుంచి పోలేరయ్య విరిగిన పడవ లంగరు తెచ్చాడు. అతుకు సగంలో ఉండగా 'ఠప్' మంది. మంట మాయమైంది, గొట్టం బుసకొట్టింది. ఏం చేసిందో ఆమెకే తెలియదు. తెలివి వచ్చి చూసుకునేసరికి కుళాయి కట్టేసి ఉంది, తను నేల మీద కూలబడి ఉంది. మదార్ అద్దాలు పైకెత్తి పకపకా నవ్వాడు. "చూసినావా పోలేరయ్యా! మద్రాసు మిషను గూడా ఇంత చురుగ్గా కట్టదు. రేపు ఖాదరన్నను పిలిచి ఈ డబ్బానే ఖాయం చేసేస్తా." కాపురానికి వచ్చాక మొగుడు ఆమెను మెచ్చుకున్నది అదే మొదలు. ఆ మెప్పు వింటుంటే ఆమెకు ఒళ్లు చల్లబడిపోయింది.

ఇప్పుడు ఖాదర్ బాషా వచ్చి వసారాలో నిలబడ్డాడు. "ఏమ్మే, రా! అన్నకు చూపిస్తాం" అని మదార్ కేకేశాడు. డబ్బా కడిగి, నీళ్లు పోసి, రాళ్లు వేసి పెట్టింది ఎటూ ఆమే. చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని వచ్చింది. డబ్బా వైపు పోలేదు. ఆ చివరికి నడిచి నల్లద్దాలు చేతిలోకి తీసుకుంది.

"ఈ పూట మీరు కుళాయి కాడ నిలబడుకోండి. మంట నేను పట్టుకుంటా."

"మంట సంగతి నీకేం తెలుసుమే?"

"రోజూ చూస్తానే ఉండాను గదా. మీది ఊరికే నిలబడుకునే పనే, రాండి."

"పో తమ్ముడూ, చెల్లెమ్మ ముచ్చటపడతా ఉండాది" అని ఖాదర్ బాషా నవ్వాడు. నలుగురిలో కాదనలేక మదారూ నవ్వి, పోయి కుళాయి మీద చెయ్యి వేశాడు.

షంషున్నీసా గ్యాసు వదిలింది. మొదటిసారి నిప్పు అంటుకోలేదు. మళ్లీ గీసింది. మంట పసుపుపచ్చగా, మసి కక్కుతూ లేచింది. ఆక్సిజన్ మర తిప్పగానే టపటపా చిటపటలాడింది. డబ్బా పక్కన నిలబడినప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు. అక్కడైతే పోయేది తన ప్రాణమే, ఇక్కడ చేతిలో ఇంకొకరి ప్రాణం ఉంది. ఇన్నాళ్లూ ఈ మనిషికి ఈ భయం ఎందుకు పుట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. నవ్వులు ఆగిపోయాయి. మంట ఇంకోసారి చిట్లింది.

"ఆపుమే! ఆపు! పేలితే?" గావుకేక వినిపించింది.

మంట ఆపేసి నల్లద్దాలు తీసి చూసింది. మదార్ పెరట్లో, బావి అవతల ఉన్నాడు. కుళాయి దగ్గర మనిషి లేడు.

ఖాదర్ బాషా పెరటి వైపు తిరిగి, "ఏది పంపించమంటావు తమ్ముడూ?" అని అడిగాడు.

"మద్రాసుది పంపించన్నా" అంది షంషున్నీసా.