నెస్టర్ పేల్చిన తూటా

ఫెక్లా పొద్దున లేవగానే పొయ్యి రాజేసి టీకి నీళ్లు పెట్టేది. నీళ్లు కాగేలోపు శాలువా కప్పుకుని వసారాలోకి వెళ్లి, అక్కడ కట్టెలు కోసే కొయ్య గుర్రం మీద పడుకోబెట్టి ఉన్న తుపాకిని ఆ మూలనున్న ఇసుకపెట్టె వైపు నుంచి ఏటి వైపుకు తిప్పేది. తిప్పాక గొట్టం మీద అరచెయ్యి ఆనించి చూసేది. చల్లగా ఉండేది. కోడియాక్ దీవిలో ఇనుము చల్లగా ఉండడం వింతేమీ కాదు. అయినా రోజూ చూసేది. తర్వాత టీ తాగి, పొగ గుడిసెలో వేలాడదీసిన చేపల సంగతి చూసుకోవడానికి వెళ్లేది. సాయంత్రం బడి పిల్లలు ఏటిగట్టు మీదుగా ఇళ్లకు పోయే వేళకు మళ్లీ వచ్చి తుపాకిని ఇసుకపెట్టెకు గురిపెట్టేది.

ఆమె మొగుడు నెస్టర్ పేల్చిన తూటా ఆ తుపాకిలో ఇంకా ఉంది.

ఆ రకం తుపాకులు ఊళ్లోకి వచ్చిన ఏడాది జోయా కొట్టు ముందు అందరికీ పండగలా ఉండింది. అంతకుముందు వాళ్ల చేతుల్లో ఉన్నవన్నీ తూటాలను ఒక్కొక్కటిగా కడుపులోకి తోసుకోవాల్సిన పాతవి. చలికి వేళ్లు కొయ్యబారిపోయి ఉంటే, ఎదురుగా ఎలుగుబంటి ఉంటే, ఒక్కొక్క తూటా తోసుకుంటూ కూర్చోవడం అయ్యే పనేనా? ఈ కొత్తదానికి కింద డబ్బా ఉంటుంది. తూటాలు నింపిన డబ్బాను టక్కున తగిలించి, ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. ఖాళీ అయితే ఇంకో డబ్బా. కంపెనీ కాగితంలో దాని బొమ్మ చూసి అందరూ మనసు పారేసుకున్నారు. మొదట కొన్నది నెస్టర్ తమ్ముడు ఎఫీమ్. వాడు కొని ఊరుకోలేదు. అన్న వెంటపడి, అన్న దగ్గరున్న తాతల నాటి తుపాకిని ఎగతాళి చేసి చేసి, చివరికి అన్నచేత కూడా కొనిపించాడు.

కొన్నాక తెలిసింది. డబ్బా లోపల సరిగ్గా కూర్చునేది కాదు, ఊడిపోబోయే పన్నులా కదిలేది. దానికి టేపు చుట్టేవాళ్లు. డబ్బా నింపి వారం పక్కన పెడితే స్ప్రింగు ఒత్తిడికి తూటాలు నలిగి కోడిగుడ్డులా కోలగా అయిపోయేవి. మొదటిది పేలితే రెండోది తలొంచుకుని గొట్టం కింద ఇరుక్కునేది. ఉప్పుగాలికి తుప్పు సరేసరి. టపా విమానం వచ్చే రోజున జోయా కొట్లో చేరి ఎవరి గోల వాళ్లు చెప్పుకునేవాళ్లు. కంపెనీకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉండేది తప్ప ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు కంపెనీయే మూతపడిందని పైలట్ వచ్చి చెప్పాడు.

ఇవి చాలవన్నట్టు తూటా ఆలస్యంగా వచ్చేది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకునేది, అంతే. ఇక పిడి కదలదు, లోపలున్నది బయటికి రాదు. సాయంత్రానికో మర్నాటికో, దానికి బుద్ధి పుట్టినప్పుడు, గొట్టం ఎటు చూస్తుంటే అటు పేలేది. పేలేముందు గొట్టం వెచ్చబడేది, అదొక్కటే గుర్తు. మకారీ తాతది ప్రతిసారీ మర్నాడు అదే వేళకు పేలేది. ముసలాయన మర్నాడు అదే చోటికి వెళ్లి, అదే ఆకాశానికి గురిపెట్టి కూర్చునేవాడు. నిన్నటి బాతును ఇవాళ కొట్టడం తనకొక్కడికే చాతనవుతుందని కోతలు కోసేవాడు. జోయా మొగుడిది ఇంటి కప్పును చీల్చుకుంటూ పోయింది. వానొస్తే ఆ చిల్లు కింద ఇప్పటికీ బేసిన పెడతారు. పాత పంటినొప్పికి అలవాటుపడ్డట్టు ఊరు ఆ తుపాకులకు అలవాటుపడిపోయింది. టిక్కుమన్న తుపాకిని, తూటా వస్తే ఇసుకలో దిగేలా, ఇసుకపెట్టెకు గురిపెట్టి పక్కన పడేయడం, తడిసిన బూట్లను పొయ్యి దగ్గర పెట్టడంలాంటిదే అయింది.

నెస్టర్ పోయింది చేపలు ఏరెక్కే రోజుల్లో. అన్నదమ్ములిద్దరూ ఏటి మలుపు దగ్గర వల సర్దుతున్నారు. ఎఫీమ్ పడవలో ఉన్నాడు. నెస్టర్ గట్టెక్కి తాడు కడుతుంటే పొదల్లోంచి ఎలుగుబంటి వచ్చింది. మీదికి దూకుతున్నా నెస్టర్ బెదరలేదు. నిలబడి, గురిచూసి, ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది. పిడి లాగాడు, కదల్లేదు. ఎఫీమ్ నీళ్లలోకి దూకి తెడ్డు పట్టుకుని పరిగెత్తి దాని ముక్కు పగిలేట్టు కొట్టాడు. అది పోయింది కానీ అప్పటికే అయిపోయింది. పడవలో ఊరికి తెస్తుంటే దారిలో నెస్టర్ ఒక్క మాట అన్నాడట, 'పేలలేదురా' అని. అన్ననూ తుపాకినీ ఒకే పడవలో పక్కపక్కన పడుకోబెట్టుకుని వచ్చాడు ఎఫీమ్.

శవాన్ని సాగనంపిన మర్నాడు ఊరంతా ఆ తూటా కోసం చెవులొగ్గింది. రాలేదు. వారం పోయింది, నెల పోయింది, మంచు పడింది, కరిగింది, చేపలు మళ్లీ వచ్చి వెళ్లాయి. అంత ఆలస్యం ఎవరి తుపాకీ చెయ్యలేదు. దాన్ని పట్నం తీసుకెళ్లి బాగుచేయిద్దామంటే, తూటా రావలసి ఉన్న తుపాకిని విమానం ఎక్కించనని పైలట్ ఖండితంగా చెప్పాడు. సముద్రంలో పారేయమన్నారు కొందరు. ఫెక్లా వినలేదు. ఎవరైనా మరీ పోరితే, ఆయన మొదలుపెట్టిన పని ఇంకా అవలేదు కదా అనేది. నెస్టర్ వేలితో నొక్కినది అదొక్కటే ఈ లోకంలో ఇంకా మిగిలి ఉంది. మిగతావన్నీ, ఆయన చొక్కాల వాసనతో సహా, ఒక్కొక్కటీ చల్లారిపోయాయి. అది ఎప్పుడొచ్చినా ఆ ఎలుగుబంటికే తగలాలని ఆమె రోజూ ఏటి వైపు తిప్పి పెట్టేది.

ఎఫీమ్ రోజూ వచ్చేవాడు. మొదట్లో కట్టెలు కొట్టిపెట్టడానికీ నీళ్లు మోయడానికీ అనుకుంది. పని కాగానే చేపల పెట్టె ఒకటి బోర్లించుకుని వసారా ముందు, తుపాకికీ ఏటికీ మధ్యన కూర్చునేవాడు. ఏటి కేసి చూస్తున్నాడేమోనని ఆమె పట్టించుకోలేదు. ఒకరోజు సాయంత్రం తుపాకిని తిప్పి లోపలికెళ్లి, మళ్లీ ఏదో పనిమీద బయటికొస్తే, ఇసుకపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. గొట్టం కొస తిన్నగా అతని రొమ్ముకేసి ఉంది. అప్పుడర్థమైంది ఆమెకు.

ఆ పూట గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి, కింద కట్టెముక్క ఎగదోసి లోపలికొచ్చేసింది. ఆ తర్వాత అదే వరస. ఆమె తిప్పడం, అతను జరగడం. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవాళ్లు కారు. ఒకసారి మాత్రం ఉండబట్టలేక అడిగింది.

"ఎఫీమ్, ఆ పెట్టె ఇటు జరుపుకోరాదూ?"

"ఇక్కడ ఎండ బాగుంది వదినా."

అప్పుడు వాన పడుతోంది.

అతని వల ఇంటి వెనక కుప్పగా పడి నాచు పట్టింది. పడవలో నీళ్లు చేదిపోసేవాళ్లు లేక సగం మునిగింది. మనిషి గెడకర్రలా అయ్యాడు. పళ్లెంలో ఏం పెట్టినా కెలికి వదిలేసేవాడు. పెళ్లి కాలేదు, అన్న తప్ప వేరే దిక్కు లేదు. మకారీ తాత పిలిచి కూర్చోబెట్టుకుని, ఎలుగుబంటికి అన్నదమ్ములు తెలియరురా, అది ఎవరి తప్పూ కాదురా అని చెప్పాడట. ఎఫీమ్ అన్నీ విని, తాతా నీ తుపాకి రేపెన్నింటికి పేలుతుందని అడిగాడట. ముసలాయన ఆ రోజు నుంచీ తన తుపాకిని మంచం కింద దాచుకున్నాడు.

మూడో ఏడు చేపలొచ్చాయి. అది ముసురు పట్టిన పొద్దు. ఫెక్లా పొయ్యి రాజేసి, నీళ్లు పెట్టి వసారాలోకి వచ్చేసరికి ఎఫీమ్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. తుపాకి ఏటివైపుకు తిరిగి ఉంది. తను తిప్పలేదు. గొట్టం మీద అరచెయ్యి ఆనించింది.

వెచ్చగా ఉంది. పసిబిడ్డ ఒళ్లంత వెచ్చగా.

కొయ్య గుర్రాన్ని పట్టుకుంది. తలెత్తి చూస్తే ఎఫీమ్ భుజం మీదుగా ఏరు కనిపించింది. ఏట్లో మోకాలి లోతు నీళ్లలో ఎలుగుబంటి నిలబడి చేప తింటోంది. తలెత్తినప్పుడు ముక్కు మీద, తెడ్డు పడ్డ చోట, వెంట్రుక మొలవని తెల్లటి మచ్చ కనిపించింది. రెండేళ్లుగా ఆమె దేవుణ్ణి అడిగిందేదో అదంతా అక్కడ, రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. మధ్యలో ఎఫీమ్ ఉన్నాడు.

"లే," అంది.

"తెల్లారగట్లే వేడెక్కింది వదినా. నేను చూశాను."

"ఎఫీమ్, వెనకాల అది ఉంది. లే."

"తెలుసు. అలాగే ఉండనీ," అన్నాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "నువ్వు లోపలికెళ్లి టీ తాగు."

ఒక్క క్షణం ఆమెకు నిజంగానే లోపలికి వెళ్లాలనిపించింది. వాడడిగిందే కదా. కొనిపించింది వాడే కదా. తలుపు వేసుకుని టీ కప్పు పట్టుకుని కూర్చుంటే ఎవరూ ఆమెను ఒక్క మాట అనరు. ఆ తలంపును అక్కడే తుంచేసింది. గబగబా గొట్టాన్ని ఇసుకపెట్టె వైపు తిప్పింది. ఎఫీమ్ లేచి, తొందరేమీ లేకుండా మెట్లెక్కి వచ్చి ఇసుకపెట్టె మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఏటికి అడ్డం లేదు. ఆమె మళ్లీ ఏటి వైపు తిప్పింది. అతను మళ్లీ లేచి మెట్లు దిగాడు. చూసేవాళ్లుంటే వదినా మరుదులు ఆటలాడుకుంటున్నారనుకునేవాళ్లు. ఎలుగుబంటి ఇంకో చేపను పట్టింది. గొట్టం మీద పడ్డ చినుకు చుయ్యిమని ఆవిరైంది.

ఇక వేళ లేదు. ఫెక్లా తుపాకిని రెండు చేతులా కొయ్య గుర్రం మీది నుంచి పైకి లేపింది. వేడికి అరచెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు.

"ఇది మీ అన్న పేల్చిన తూటా," అంది. "నీ కోసం పేల్చింది కాదు."

"నేనే కదా వదినా కొనిపించింది..."

"కొనిపించావు. ఆయన కొన్నాడు. నేను వద్దనలేదు."

ఎఫీమ్ ఆమె వైపు రాబోయాడు. ఆమె తుపాకి మడమను భుజానికి ఆనించుకుని గొట్టాన్ని నిట్టనిలువుగా ఆకాశానికెత్తింది. అతనెంత చెయ్యి చాపినా అందనంత పైకి. అప్పుడొచ్చింది తూటా.

రెండేళ్ల కిందట నెస్టర్ భుజానికి తగలవలసిన దెబ్బ ఆమె భుజానికి తగిలింది. మెట్ల మీద కూలబడిపోయింది. మోత కొండకు కొట్టుకుని, అఖాతం మీదుగా వెళ్లి, తిరిగొచ్చి ఆగింది. కొంగలు లేచి అరుచుకుంటూ తిరిగాయి. ఎలుగుబంటి తలెత్తి ఇటు చూసింది. నోట్లో చేపను వదలకుండా, తొందరపడకుండా, నీళ్లు దులుపుకుంటూ గట్టెక్కి పొదల్లోకి వెళ్లిపోయింది.

ఫెక్లా పిడి లాగింది. అంత కాలం బిగుసుకున్నది వెన్నలా జారింది. కాలిన తూటా తొడుగు ఎగిరి ఆమె ఒళ్లో పడింది. ఒక్క నిమిషం మందు వాసన వేసింది, గాలికి అదీ పోయింది. ఎప్పుడైనా ఆ తూటా వస్తే గుండె భారం దిగుతుందేమోననుకుంది ఇన్నాళ్లూ. దిగలేదు. ఇకనుంచి పొద్దున్నే లేచి చూసుకోవలసిందేమీ లేదు, అంతే. నెస్టర్ ఆ రోజు పోలేదు, ఇప్పుడు పోయాడనిపించింది. ఆకాశంలో ఆ తూటా పోయిన చోటు ఎక్కడో కూడా తెలియలేదు. అంతటా ఒకే రంగు మబ్బు.

ఎఫీమ్ వానలో నిలబడ్డచోటే మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. అన్న శవాన్ని తెచ్చిన రోజు కూడా ఏడవనివాడు. ఆమె ఓదార్చలేదు. లేచి లోపలికి పోయి, మరిగి మరిగి సగమైన నీళ్లను దించి, భుజం పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఎంతసేపటికో అతను తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వదినా," అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఆకలేస్తోంది."

పిండిలో చేప పెట్టి కాల్చిన నిన్నటి రొట్టె ఉంది, నెస్టర్‌కి ఇష్టమైనదే. ముక్క కోసి పళ్లెంలో పెట్టింది. అతను కూర్చుని తినడం మొదలెట్టాడు. రెండేళ్ల ఆకలి ఒక్కసారి లేచినట్టు, వేళ్లు నాక్కుంటూ, దవడలు ఆడిస్తూ తిన్నాడు. ఆ దవడలు అచ్చం నెస్టర్ దవడలే. ఎదురుగా కూర్చుని చూస్తుంటే, బతికి తిండి తింటున్న ఆ మనిషి మీద ఆమెకు ఎన్నడూ లేనంత అసహ్యం పుట్టింది. అంత పుడుతుందని ఆమె అనుకోలేదు. దాన్ని దాచుకోవడానికి కిటికీలోంచి చూసింది. కిటికీలో వాన తప్ప ఏమీ లేదు.

అతను పళ్లెం ఖాళీ చేసి, అడగలేక, రొట్టె కేసి చూశాడు.

ఫెక్లా కత్తి తీసుకుని ఇంకో ముక్క కోసింది. మొదటిదానికన్నా పెద్దదే కోసింది.