కోత వేళల్లో దాడి వద్దు

కుమాసి నగరంలో అసాఫో పేటకు కరెంటు పోయిందంటే సెల్ టవరు కూడా చచ్చిపోతుంది. పోయిన మంగళవారం అలా పోయిన నాలుగు గంటల్లో, ఫోను ఆటలో ఆ పేటలో ఉండే బిరాగో కోట మీద శత్రువులు పడ్డారు. కరెంటు వచ్చి చూసుకునేసరికి మూడు వందల మంది విలుకాళ్లు గోడ కింద తలలు తెగి పడున్నారు. ధాన్యపు కొట్లు ఇంకా మండుతున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు మొదలుపెట్టి, బిడ్డకు పాలిస్తూ ఒంటిచేత్తో రెండేళ్లు కట్టుకున్న కోట అది.

ఏడ్చి ఊరుకోలేదు బిరాగో. ఆట నడిపేవాళ్లు సలహాల కోసం పెట్టిన పేజీలో రాసింది: "కరెంటు కోత ఉన్న పేటల్లోని వాళ్ల కోటల మీద, కోత అయ్యేదాకా ఎవరూ దాడి చేయకూడదు. ఈ రూలు పెట్టండి." వెయ్యి మంది ఓటేస్తే రూలు మారుతుంది.

ఆ దాడి చేసిన జట్టు నాయకుడు, అక్రాలో ఉండే లాంప్టీ, వెంటనే తగులుకున్నాడు.

"ఓడిపోయినప్పుడల్లా కరెంటు పోయిందంటే నమ్మాలా వదినా? బల్బుని తెస్తావా సాక్ష్యానికి?"

ఆమెకు రోషం ముంచుకొచ్చింది. వీధి చివర గోడకు అంటించిన కోత వేళల పట్టీని ఫొటో తీసి అదే పేజీలో పెట్టేసింది. ఓట్లు జలజలా పడ్డాయి. తొమ్మిది వందల నలభై!

తన జట్టులోనే ఆడే డూఫీకి ఆ సంగతి చెబితే, ఆమె ఫుఫు ముద్ద కోసం కర్రపెండలం దంచుతున్న రోకలి ఆపేసింది.

"ఓసి పిచ్చిమొహమా! ఇంట్లో ఎవరూ ఉండని వేళలు రాసి తలుపుకే అంటించావు కదే! గురువారం పన్నెండింటికి నువ్వుండవని లోకమంతా చదివేసింది."

"తీసేస్తానక్కా..."

"ఓట్లయ్యేదాకా తీయనివ్వరే."

గురువారం బిడ్డను వీపుకు కట్టుకుని డూఫీ ఇంటికొచ్చింది బిరాగో. డూఫీ ఉండే సుయామే పేటలో ఆ రోజు కోత లేదు.

"చూస్తే చూడు గానీ, ముట్టుకోకు," అంది డూఫీ. "కాలిపోనీ. అది చూసి మిగతా అరవై ఓట్లూ పడతాయి. నువ్వు వేలు కదిపావో, కోత అబద్ధమంటారు."

పన్నెండు దాటీ దాటగానే లాంప్టీ నాలుగు వేల మందితో వచ్చాడు. కాపలావాడి గొంతులో బల్లెం దిగింది. ఏనుగులు కుమ్మితే పెద్ద తలుపు పెళపెళ విరిగింది. లోపలికి చొరబడి, బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆడవాళ్లను అరటిబోదెల్లా నరుక్కుంటూ పోయారు. బిరాగో పెదవి కొరుక్కుంది. నాలుకకు రక్తం ఉప్పగా తగిలింది. వాళ్లు ఉయ్యాలలున్న ఇళ్లకు నిప్పుపెట్టారు.

అంతే. ఆమె వేలు తెర మీద పడింది.

కాగే నూనె గోడల మీద నుంచి కుండపోతగా కురిసింది. ఏనుగులు వెర్రెత్తి సొంతవాళ్లనే తొక్కేశాయి. కాలిన చర్మాలతో పరిగెత్తేవాళ్లను ఆమె గుర్రపు దళం వెనక నుంచి పొడిచింది.

"కోతలో ఉన్నానన్నావుగా వదినా! అబద్ధాలకోరు!" అని రాశాడు లాంప్టీ, అందరికీ కనబడేలా. వేసినవాళ్లే వెనక్కి తీసుకుంటుంటే ఓట్లు ఎనిమిది వందలు, ఐదు వందలు, నూట పది అంటూ దిగిపోయాయి.

"రూలు మట్టిగొట్టుకుపోయిందే," అంది డూఫీ.

కోట లోపల ఇంకా లాంప్టీ మనుషులు రెండు వందల మంది మిగిలారు. ఆయుధాలు పారేసి చేతులెత్తారు. బిరాగో విరిగిన తలుపుకు అడ్డంగా బండలు దొర్లించి, మళ్లీ నూనె కాచమంది.