పదో మనిషి

శనివారం పదకొండు గంటలకు జిల్లా అధికారి వస్తున్నాడు. ఆ వేళకు రెంజల్ దారిలోని ఆసరా ఇంట్లో పది మంది ముసలివాళ్లు ఉండాలి. ఉన్నది తొమ్మిది మంది. శుక్రవారం సాయంత్రం కమిటీ సభ్యులు అయిదుగురూ కూర్చుని, ఆ పదో మనిషి కోసం జుట్లు పట్టుకునే దాకా వచ్చారు.

అయిదుగురిలో ఒక్కరికీ జీతం లేదు, బత్తెం లేదు. పెత్తనం మాత్రం ఎవరికి వారికి పుష్కలంగా ఉంది. మూతబడ్డ చెరుకు సొసైటీ గోదాముకు సున్నం కొట్టించి, మంచాలు వేయించి, ఇద్దరు ఆయాలను పెట్టి రెండు నెలలయింది. దిక్కులేని వాళ్ల సత్రం కాదది. కాలు కదపలేక, కుండ దించుకోలేక ఒంటరిగా అవస్థ పడే వాళ్లకు స్నానం చేయించడానికీ వేళకు ఇంత తినిపించి మందు వేయడానికీ పెట్టిన ఇల్లు. ఇన్నాళ్లూ చందాలతో నడిచింది. ఇక సర్కారు మంజూరు రాకపోతే వచ్చే నెల తాళమే. మంజూరుకు పది మంది ఉండాలన్నది షరతు.

కమిటీ కార్యదర్శి లక్ష్మీరాజం. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగిరీ చేసి, రిటైరయి నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఉంటున్నాడు. గడియారం చూడకుండా మంచినీళ్లయినా తాగడని కమిటీలో వాళ్లే వెనకాల నవ్వుకుంటారు. పదో మనిషి అతని అక్క వెంకటవ్వ. డెబ్బై రెండేళ్లామె, రెంజల్‌లో ఒంటరిగా ఉంటుంది. తనింటికి తీసుకుపోతే మేడ మెట్లు ఎక్కలేక నాలుగో రోజుకే తిరిగొచ్చింది. ఈ నెలలో రెండుసార్లు పడింది. రెండోసారి గడప పక్కన మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా అలాగే పడి ఉంది. మూడోసారి పడితే తాను వచ్చేసరికి అక్క ఉండదేమోనని లక్ష్మీరాజానికి ఒకటే భయం. మంజూరు సంగతి అతనికి ఆ తర్వాతే.

ఆమె రావడానికి ఒక్కటే అడ్డం. బీడీల చాట లేకుండా రానంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, యాభై ఏళ్లుగా అదే ఆమె లోకం. మిషన్ దవాఖానాలో కాంపౌండర్‌గా పనిచేసిన జీవరాజు ఈ మాట వినగానే చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల ఇద్దరికి ఊపిరాడనివ్వని దమ్ము రోగం ఉంది, తంబాకు దుమ్ము ఆ గడప దాటితే తాను కమిటీలో ఉండనన్నాడు. అతను చెప్పింది న్యాయమే, అందుకే లక్ష్మీరాజానికి మరీ ఒళ్లు మండింది. అధ్యక్షుడు రాజారాం చెరుకు రైతు, మాట తిప్పడం రాని మనిషి. రేపు పదకొండింటికల్లా చాట లేకుండా అక్కను తీసుకురమ్మని తేల్చేసి లేచిపోయాడు.

మర్నాడు తొమ్మిదింటికి లక్ష్మీరాజం ఆటోను వాకిట్లో నిలబెట్టి, అక్క ఎదుట గొంతుక్కూర్చున్నాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు, చచ్చిపోయిన తండ్రి మీద ఒట్టు పెట్టాడు. వెంకటవ్వ తలెత్తలేదు. ఆకు కత్తిరిస్తూ, వణికే వేళ్లతో చుడుతూ, ఊఁ కొడుతూ కూర్చుంది. తొమ్మిదిన్నర అయింది. వాకిట్లో ఆటో అతను హారన్ కొట్టాడు.

అప్పుడే పక్కింటి గంగుబాయి కొడవలి, సద్దిమూటతో కూలికి బయలుదేరింది. భర్త పోయాక పగలు చెరుకు తోటల్లో పని, సాయంత్రం బీడీలతో బతుకు ఈడుస్తున్న మనిషి. వెంకటవ్వ నడుము పడిపోయినప్పటి నుంచి ఆమె చుట్టిన బీడీలను తన వాటితో కలిపి కార్ఖానాలో ఇచ్చి వచ్చేది ఈమే. లక్ష్మీరాజాన్ని గోడ పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"అన్నా, అక్కకు తెల్వద్దు. ఏడాదాయె, ఆమె చుట్టినయి ఒక్కటి సుత కార్ఖానాల తీస్కుంటలేరు. వదులైతున్నయి. దినాం పొద్దూకి వచ్చి పట్కపోత, ఇంట్ల అన్ని ఇప్పి నేనే మళ్ల సుడ్త. చాట ఆడికి పట్కపోతె గిదంత బయట పడ్తది. అక్క తట్కోదు."

ఇంత మేలు చేసిన మనిషికి దండం పెట్టాలన్న ఆలోచన లక్ష్మీరాజానికి ముందు రావాలి కదా, రాలేదు. ఈ ఒక్క మాట చెప్తే అక్క చాట వదిలేస్తుంది, ఆటో ఎక్కుతుంది అన్నదే ముందు తట్టింది. ఆ ఆలోచనకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా గడియారం చూసుకున్నాడు. పదికి పది నిమిషాలు. లోపలికి వెళ్లి, అక్క మొహం చూడకుండా చెప్పేశాడు. నీ చేతులు పోయినయక్కా, నువ్వు చుట్టినవి ఎవరూ తీసుకోవడం లేదు, ఏడాదిగా గంగే విప్పి చుడుతోంది అన్నాడు.

గుమ్మంలో గంగుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటవ్వ చేతిలో ఉన్న బీడీకి దారం కట్టి, చాటలో వేసి, అప్పుడు తమ్ముడి వైపు చూసింది.

"నాకెరుకేరా రాజం. యాభై ఏండ్లు సుట్టిన. నా చేతిలకెల్లి ఏం వస్తున్నదో నాకెరుక లేదా?"

"మరి తెల్సి ఇదంతా ఎందుకక్కా?"

"చాట ఉన్నది గన్క గంగు పొద్దూకంగ వస్తది. బీడీలు తీస్కుంటది, ఇంత సేపు కూసుంటది, తిన్ననో లేదో అడుగుతది. చాట లేకుంటె నా తలుపు ఎవరు తీస్తరు?"

గంగుబాయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. చాట కోసమే వస్తున్నాననుకున్నావా అక్కా అని ఒకటే మాట మళ్లీ మళ్లీ అంది. వెంకటవ్వకూ కళ్లు నిండాయి. కాసేపటికి తేరుకుని, చాట గంగు ఇంట్లోనే పెట్టిపోతానంది. లక్ష్మీరాజానికి ప్రాణం లేచి వచ్చింది. అక్క బట్టల సంచి చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"ఆడికి గంగు పొద్దూకి రావచ్చునా?" అని అడిగింది వెంకటవ్వ.

లక్ష్మీరాజం సంచి కింద పెట్టాడు. చూడటానికి వచ్చే వాళ్లు ఆదివారం పది నుంచి పన్నెండు లోపలే రావాలని నియమం ఉంది. ఆ నియమం రాసింది తనే. వేళాపాళా లేకుండా జనం వచ్చిపోతే ఇల్లు సంతవుతుందని, ఆదివారమైతే అందరికీ తీరిక అని, పెద్ద తెలివిగా రాశాడు. మెల్లగా ఆ సంగతి చెప్పాడు.

గంగుబాయి కళ్లు తుడుచుకుని అతని వైపు వింతగా చూసింది. "ఆదివారమేందన్నా? చెరుకు కొట్టెటోళ్లకు ఆదివారం ఉంటదా? పది గంటలకు తోటల ఉంటం. సత్తవ్వ బిడ్డ నాతోని కూలికొస్తది. పని ఇడిసినంక రెండుమార్లు తల్లిని సూడ పోయి, గేటు కాడికెల్లి మళ్లొచ్చింది. ఇయ్యాల ఆదివారం కాదన్నరంట."

సత్తవ్వ ఆసరా ఇంట్లో మొట్టమొదట చేరిన మనిషి. ఈ రెండు నెలల్లో ఆమె కోసం ఎవరూ లోపలికి రాలేదు. ఆమె కోసమే కాదు, తొమ్మిది మందిలో ఎవరి కోసమూ ఎవరూ రాలేదు. పిల్లలు ఇంత రాతిగుండెల వాళ్లా అని కమిటీ ప్రతి సమావేశంలో నిట్టూర్చింది. అందరికంటే గట్టిగా నిట్టూర్చింది లక్ష్మీరాజమే. ఇప్పుడు అతని చెవులు వేడెక్కిపోయాయి. పదీ ఇరవై అయింది. గంగును కూడా ఆటో ఎక్కమన్నాడు.

వాళ్లు వెళ్లేసరికి అధికారి వచ్చేసి ఉన్నాడు. గోదాం హాల్లో మంచాల మధ్య బల్ల వేసుకుని, ఒక్కొక్కరి పేరూ చదివి వేలిముద్ర వేయించుకుంటున్నాడు. వీళ్లను చూశాకే రాజారాం మొహంలో నెత్తురు కదిలింది. తొమ్మిది ముద్రలయ్యాక జీవరాజు వెంకటవ్వను పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"సారూ, గీ గంగు దినాం పొద్దూకి నా దగ్గరికి రావాలె. రానిస్తమంటె ఏలు ఏస్త."

అధికారి కలం ఆగింది. రాజారాం గొంతు సవరించుకుని, ఆదివారం తప్పకుండా రావచ్చునవ్వా అన్నాడు. వెంకటవ్వ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. నెల రోజులుగా లక్ష్మీరాజం తిరిగిన తిరుగుడంతా ఆ లేవబోతున్న మనిషిలో ఉంది. నియమం తనదే కాబట్టి నోరు విప్పాల్సింది కూడా తనే.

"రాజారామన్నా, గా నియమం తప్పు. నేనే రాసిన. ఫ్యాక్టరీల ఆదివారం సెలవుండె, అందరికట్లనే అనుకున్న. ఈళ్ల బిడ్డలు పని ఇడిసి పొద్దూకి వచ్చి, మన గేటు కాడికెల్లి మళ్లిపోతున్నరు. దినాం తెరిచి పెడ్దాం. కాదంటె నా పేరు తీసేయి."

రాజారాం అధికారి వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, చివరికి జీవరాజు వైపు చూశాడు. జీవరాజు తలూపాడు. సరే, రేపటి నుంచి దినాం నాలుగు దాటాక ఎవరైనా రావచ్చునని రాజారాం అన్నాడు. వెంకటవ్వ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద పెట్టింది. అధికారి పది అని రాసి సంతకం చేశాడు. హాల్లో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. రాజారాం అయితే అధికారికి చాయ్ తెమ్మని ఆయాను కేకేశాడు.

మూడో మంచం మీద సత్తవ్వ మోచేతుల మీద లేచింది. ఆమెకు వినపడదని అందరూ అనుకుంటారు.

"రాజం బిడ్డా," అంది. "అయితె నా బిడ్డ రాక కాదా? మీరు రానీయకనా?"

కమిటీలో ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. లక్ష్మీరాజం ఆ మంచం దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు.

"అవునవ్వా," అన్నాడు. "నేనే రానీయలే."