అరవైలో ముప్పై ఎనిమిది

మార్చి మొదటి మంగళవారం అమెరికాలో, వెర్మాంట్ రాష్ట్రంలోని మా ఊరి సభకి అరవై మందే వచ్చారు. మంచు తోసే కొత్త బండి కొనాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. లేచిన చేతులు ముప్పై ఎనిమిది. సభ నడిపేది నేనే కాబట్టి, "నలభై కావాలి. తీర్మానం వీగిపోయింది" అన్నాను.

లైల్ లేచి ఫోన్ ఊపాడు. "అదెలా టీచర్? భాగిస్తే పాయింట్ ఆరు మూడు వచ్చింది. మూడింట రెండంటే పాయింట్ ఆరేగా! ఇంకా ఎక్కువే ఉంది."

"నీ మొహం! నీకు ఆరో క్లాసు లెక్క కూడా రాదు" అని వెనక బెంచీలోంచి మార్నీ అరిచింది.

"నీకొచ్చుగా, నువ్వు చెప్పు!"

మార్నీ వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాను. "ఒకరినొకరు అనుకోవద్దు. ఏదున్నా నాతో చెప్పండి. అదీ ఈ సభ మర్యాద."

ఇద్దరూ తగ్గారు. "లైల్ గారి లెక్క ఆయనది, మీ లెక్క మీది. ఊళ్ళో గొడవెందుకు టీచర్? ముప్పై ఎనిమిది చాలో చాలదో ఓటుకి పెట్టేయండి" అంది మార్నీ మెత్తగా.

నా మాటని సభ కాదనవచ్చని రూలుంది. పెట్టాను. చాలునని యాభై మూడు చేతులు లేచాయి. ఎవరూ గొంతు పెంచలేదు.

వీళ్ళందరికీ ఈ ఊరి బళ్ళో చదువు చెప్పింది నేనే. లెక్కలు నేర్పాను, మాట్లాడే ముందు చెయ్యెత్తమనీ నేర్పాను. చెయ్యెత్తడం మాత్రం ఒక్కరూ మరిచిపోలేదు.