బుచ్చన్నను బయటికి తియ్యుండ్రి

గోదావరిఖనిలో ప్రతి ఆదివారం కార్మికులకు కథలు రాయడం నేర్పేవాణ్ణి. బళ్లో తెలుగు మాస్టరును. జీతం చిన్నది, గొంతు పెద్దది. పేరుకు తరగతి అనేవాణ్ణి గానీ అది తరగదు, పెరగదు: ఎప్పుడూ ఇద్దరే. ఒకడు బొగ్గుగని మెకానిక్కు అస్గర్, రెండోవాడు ఆ గనిలోనే, వాళ్ల మాటలో బాయిలో, బొగ్గు నింపే మొగిలి.

"వంటకు పాత్ర కావాలె, కథకు పాత్ర కావాలె!" అని అరిచేవాణ్ణి. "వంటపాత్రను తోమాలె. కథల పాత్రను తోమద్దు, మసి మసిగనే ఉండనియ్యాలె!"

ముగ్గురం కలిసి ఒక మనిషిని తయారుచేశాం. పేరు బుచ్చన్న, పని బొగ్గు నింపడం. పెండ్లాం చూడకుండా బీడీ తాగుతాడు, బాయి దిగే ముందు తువ్వాలు రెండుసార్లు దులుపుతాడు.

"అరె సార్, గీ బుచ్చన్న మన మొగిలే గద! మీసం గొరిగి కూసోబెట్టినం" అన్నాడు అస్గర్.

మొగిలి సిగ్గుపడి నవ్వాడు. బుచ్చన్న మీద వాడికి ఎంత ప్రేమంటే ఈగను వాలనివ్వడు. కష్టం పెట్టందే మనిషి గుణం బయటపడదని నేను పట్టుబడితే, అత్త వచ్చి నెల రోజులు ఉన్నట్టు రాశాడు.

"అత్తతోని ఏమైతది? విపత్తు కావాలె!" అని, బుచ్చన్న బాయిలో ఉండగా నేనే వాడి మీద పైకప్పు కూల్చాను.

మొగిలి ముఖంలో నవ్వు పోయింది. "బాయిల ఉన్నోని మీద కప్పు పడ్డదని నవ్వులాటకన్న అనద్దు సార్. అంటే, అన్నోడే ఆ నోటితోని బయటికి తియ్యాలె. మాకాడ గట్లనే."

"తీద్దాం తియ్. వచ్చే ఆదివారం దాకా కంఠం దాకా మునగనీ. దాన్నే ఉత్కంఠ అంటరు" అన్నాను. అస్గర్ నవ్వాడు. మొగిలి నవ్వలేదు.

బేస్తవారం పొద్దటి షిఫ్టులో బాయిలో నిజంగానే కప్పు కూలింది. అందరూ బయటికొచ్చారు, మొగిలి రాలేదు.

నేను పోయేసరికి బాయి మూతి దగ్గర బొగ్గు టబ్బుల పట్టాల పక్కన మొగిలి భార్య సారవ్వ కూర్చుని ఉంది. నన్ను చూడగానే చొక్కా చెయ్యి పట్టుకుంది.

"సారూ, బుచ్చన్నను బయటికి తియ్యలేదట గద. మా ఆయన ఆదివారం సంది గదే అంటుండు. జల్ది తియ్యుండ్రి."

"అక్కా, అది కథ" అన్నాడు కప్పుకు ఆనించే దుంగలు మోస్తున్న అస్గర్.

"కథనే గదా! కప్పు కూలగొట్టిన నోటితోనే తియ్యమంటున్న."

ఆమె పక్కన కూర్చుని కథ అందుకున్నాను. "బుచ్చన్న ధైర్యంగ కూసున్నడు" అన్నాను.

"ధైర్యమా? ఆయనకు చీకటంటే భయం. ఇంట్ల బుడ్డిదీపం ఆర్పనియ్యడు."

"భయంతోనే కూసున్నడు."

"ఊకెనే కూసోడు. ఎవల్నో ఒకల్ని తిడతడు."

"ఎవల్ని?"

"నన్నే. ఇంకెవలున్నరు?" అంది.

లోపల తవ్వుతున్నవాళ్లలో ఇద్దరు బయటికి వచ్చారు. మా వైపు చూడకుండా, ఇంకిన్ని దుంగలు కావాలని చెప్పి మళ్లీ దిగిపోయారు.

"తట్టుతున్నడా?" అంది సారవ్వ.

"ఆఁ, రాయి తీసుకొని తట్టుతున్నడు."

"ఇవుతలోళ్లకు ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుందమ్మా" అన్నాను.

"ఎవలకు?"

దుంగ భుజాన వేసుకుని అస్గర్ లోపలికి పోబోతున్నాడు. "అస్గర్‌కు" అన్నాను.

సారవ్వ దిగ్గున లేచింది. "తమ్మీ అస్గర్! తట్టుతున్నడట! గోడకు చెవి పెట్టు, నీకే ఇనవడ్తదట!"

అస్గర్ ఆగి నా ముఖం వంక చూశాడు. అవునని తల ఊపలేకపోయాను, కాదనీ ఊపలేకపోయాను.

"పెడత అక్కా" అని వాడు చీకట్లోకి నడిచాడు.

సారవ్వ మళ్లీ కూర్చుంది. నా చొక్కా చెయ్యి మాత్రం వదల్లేదు. "ఊఁ, ఆపకుండ్రి సారూ" అంది.